బారువ ఓడని ఫొటో తీయాలంటే ఏ లెన్సు కావాలి? నీటి అడుగు కెమెరా నూటయాభై ఏళ్లకి పైబడిన కథ

ఈ ఎపిసోడ్‌ని ఒక చచ్చిపోయిన ఫోనుతో మొదలెడతాను. ఇదిగో, చేతిలో ఉన్నది అదే. దీన్ని బారువ సముద్రంలో ముంచింది నేనే. ఎందుకు ముంచానో చెప్తే ఇవాళ్టి చరిత్ర మొత్తం అందులోనే ఉంది.

మాది పలాస. అమ్మ పుట్టిల్లు బారువ దగ్గర సముద్రం ఒడ్డున ఒక ఊరు. మా మావయ్య వేటకి వెళ్తాడు. సముద్రంలో ఒకచోటు వస్తే మాత్రం పడవ పక్కకి తిప్పేస్తాడు. లైట్‌హౌసుని, ఒడ్డున ఒక కొబ్బరితోటని వరసలో పెట్టి చూసి, "అక్కడ ఓడుంది బావూ, వల వేస్తే చిరిగిపోద్ది" అంటాడు. వాళ్ల నాన్న వలా అక్కడే పోయింది, ఇతని వలా పోయింది. ఒక వల పోతే ఎన్ని రోజుల కష్టం పోయినట్టో వేట మీద బతికేవాళ్లకి తెలుసు. కానీ ఆ ఓడని ఇద్దరిలో ఎవరూ కళ్లతో చూడలేదు.

ఆ ఓడ పేరు చిల్కా. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ స్టీమరు. 1917లో మంటలంటుకుని మన తీరంలో పోయింది. మన జిల్లా జనం పని కోసం ఓడెక్కి రంగూన్ వెళ్లే కాలం అది. నూరేళ్ల తర్వాత విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కిందకి దిగి దాన్ని చూశారు, ఫొటోలు తీశారు. అవి చూసి నాకూ పిచ్చి పట్టింది. మావయ్యకి ఆ ఇనుముని చూపించాలి అనుకున్నాను.

ఫోను మీద ఐపీ 68 అని రాసి ఉంది కదా అని, ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఒడ్డు దగ్గరే మునిగి చూశాను. సంచి మూతలో ఇసుక రేణువు ఇరుక్కుంది. అంతే! టెక్కలిలో రిపేరు చేసే అబ్బాయి ఫోను విప్పి, లోపల ఉప్పు చూపించి, "అన్నా, ఇంక దీన్ని వదిలెయ్" అన్నాడు.

తర్వాత తెలిసింది ఏమిటంటే, ఐపీ 68 పరీక్ష కదలని మంచినీళ్లలో చేస్తారు. అలలు, ఉప్పు, ఇసుక ఆ లెక్కలో లేవు. ఇంకో లెక్క కూడా చూడండి. ప్రతి పది మీటర్ల లోతుకి చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో ఒత్తిడి పెరుగుతుంది. ఫోను స్క్రీను వంద చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, పది మీటర్ల కింద దాని మీద వంద కిలోల భారం. మన పలాసలో జీడిపిక్కల బస్తా ఎనభై కిలోలు. దాన్ని తెచ్చి ఫోను మీద పెడతారా ఎవరైనా?

సరే, ఈ తప్పు నాకంటే ముందు ఎవరు చేశారో చూద్దాం.

1856లో ఇంగ్లండులోని వేమౌత్ దగ్గర విలియం థాంప్సన్ అనే ఆయన ఒక కెమెరాని చెక్కపెట్టెలో పెట్టి, ముందు గాజు బిగించి, తాడుతో సముద్రంలోకి దించాడు. ఆయన నీళ్లలో దిగలేదు, పైన పడవలో కూర్చున్నాడు. పెట్టెలోకి నీళ్లు కారాయి. అయినా మసకగా ఒక బొమ్మ మిగిలింది. అంటే నీటి అడుగు ఫొటోగ్రఫీ పుట్టిందే లీకేజీతో అన్నమాట.

తర్వాత 1893. ఫ్రాన్సులో బాన్యుల్స్ అనే సముద్రతీర ఊరు. లూయీ బూటాన్ అనే జీవశాస్త్రవేత్త తానే డైవింగ్ దుస్తులు వేసుకుని దిగాడు. ఆయన సోదరుడు ఒగస్త్ ఇంజనీరు, కెమెరాకి లోహపు పెట్టె చేసిచ్చాడు. అందులో తెలివి ఏమిటంటే, పెట్టెకి గాలి నింపిన ఒక రబ్బరు బుడగ తగిలించారు. లోతుకి వెళ్లేకొద్దీ నీటి ఒత్తిడి బుడగని నొక్కుతుంది, ఆ గాలి పెట్టెలోకి పోతుంది. లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం, నీళ్లు దూరే పని లేదు. వెలుతురు కోసం ఒక పీపా మీద దీపం పెట్టి మెగ్నీషియం పొడి ఊది వెలిగించారు. ఒక్క ఫొటోకి అరగంట పట్టిన సందర్భాలూ ఉన్నాయట.

ఇప్పుడు తారీఖులు పక్కపక్కన పెట్టండి. మన చిల్కా కాలిపోయింది 1917లో. సముద్రం అడుగున చేపని మొదటిసారి రంగుల్లో ఫొటో తీసింది 1926లో, ఫ్లోరిడా దగ్గర. లాంగ్లీ, మార్టిన్ అనే ఇద్దరు తెప్ప మీద మెగ్నీషియం పేల్చి మరీ తీశారు. అంటే మన ఓడ మునిగేనాటికి నీటి అడుగు రంగుల ఫొటో అనేదే లేదు.

ఇక 1960ల్లోకి వద్దాం. కుస్టో కోసం జాన్ ద వూటర్స్ అనే ఇంజనీరు కాలిప్సో కెమెరా తయారుచేశాడు. దానికి పెట్టె అక్కర్లేదు, కెమెరానే రబ్బరు రింగులతో బిగించేశారు. 1963లో నికాన్ దాన్ని నికోనోస్ పేరుతో తెచ్చింది. దాని కోసం నీళ్లలో మాత్రమే పనిచేసే లెన్సులు కూడా చేశారు. ఎందుకు అన్నదే మన అసలు పాఠం.

నీళ్ల బకెట్లో చెయ్యి పెట్టి చూడండి, పెద్దగా కనిపిస్తుంది. చదును గాజు వెనకాల కెమెరా పెట్టినా అంతే. వస్తువు మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనిపిస్తుంది. వైడ్ లెన్సు తన వెడల్పు పోగొట్టుకుంటుంది. చిన్న పీతనో నత్తనో దగ్గరగా తీసే మాక్రోకి ఇది లాభమే. ఓడ లాంటి పెద్దదానికి మాత్రం నష్టం.

దీనికి మందు గోపురం గాజు, అంటే డోమ్. అది లెన్సు వెడల్పు కాపాడుతుంది. అయితే ఒక తిరకాసు ఉంది. డోమ్ వెనకనుంచి చూస్తే దూరంలోని వస్తువు కూడా గాజుకి దగ్గర్లోనే ఉన్నట్టు లెన్సుకి కనిపిస్తుంది. అంత దగ్గర ఫోకస్ చేయలేని లెన్సు అయితే ఫొటో మసకే. మొదట్లో గోప్రో పెట్టెలకి గుండ్రటి గాజే ఉండేది. ఫోకస్ మారని కెమెరా కదా, నీళ్లలో వీడియోలన్నీ మసకగా వచ్చాయి. 2012లో హీరో 3తో చదును గాజు పెట్టారు. కాబట్టి "డోమ్ ఉంటే చాలు" అని ఎవరైనా అమ్మజూపితే, "నా లెన్సు ఎంత దగ్గర ఫోకస్ చేస్తుంది?" అని ముందు అడగండి.

మన తీరానికి ఏది నప్పుతుంది? మహేంద్రతనయ బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. కింద కళింగపట్నం దగ్గర వంశధార. వానాకాలంలో ఆ బురదంతా మన నీళ్లలోనే. నీళ్లు మబ్బుగా ఉంటే జూమ్ పనికిరాదు. కెమెరాకీ వస్తువుకీ మధ్య నీళ్లు ఎంత తక్కువుంటే అంత మంచిది. అందుకే వైడ్ లెన్సు పెట్టుకుని బాగా దగ్గరకి వెళ్లాలి. ఎరుపు రంగు మొదటి ఐదారు మీటర్లలోనే చాలావరకు పోతుంది కాబట్టి చిన్న లైటు ఉండాలి. దాన్ని కెమెరా మీద కాకుండా పక్కకి జరిపి పట్టుకోవాలి. లేకపోతే బురద రేణువులన్నీ మంచు కురిసినట్టు తెల్లగా మెరుస్తాయి.

మొదటిసారి కొనేవాళ్లకి నా మాట ఇది. ఫోనే వాడతాను అంటే సంచి వద్దు, బటన్లున్న గట్టి పెట్టె తీసుకోండి, నీళ్లలో టచ్ సరిగ్గా పనిచేయదు. కొంచెం డబ్బుంటే ఒలింపస్ టీజీ 6 లాంటిది సెకండ్ హ్యాండ్‌లో చూడండి. అది పదిహేను మీటర్ల వరకు పెట్టె లేకుండానే దిగుతుంది, మాక్రో బాగా తీస్తుంది. దానికి పెట్టె కూడా కొంటే, ముందు తగిలించుకునే వైడ్ లెన్సు తర్వాత కొనుక్కోవచ్చు.

ఏది కొన్నా మొదటిరోజు కెమెరా లోపల పెట్టకండి. ఖాళీ పెట్టెలో టిష్యూ కాగితం వేసి, బరువు కట్టి, నూతిలోకి దించండి. నేను అమ్మమ్మగారి నూతిలో రాత్రంతా ఉంచాను. పొద్దున్న కాగితం పొడిగా ఉంటేనే సముద్రం. రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా నీళ్లు దూరతాయి. "కొబ్బరినూనె రాయరా, మెత్తగుంటాది" అంది అమ్మమ్మ. ఉద్దానంలో అన్నిటికీ మందు అదే కదా! కానీ నూనెకి కొన్ని రకాల రబ్బరు ఉబ్బిపోతుంది. కంపెనీ చెప్పిన గ్రీజే, అదీ పల్చగా రాయాలి.

రెండోసారి నేను ట్రైనింగ్ ఉన్న డైవర్లతో కలిసి దిగాను. ఒంటరిగా ఎవరూ వెళ్లకండి. అక్కడినుంచి ఏమీ పట్టుకురాకండి కూడా. అది కాలిపోయిన ఓడ, మనుషులు ప్రయాణించిన ఓడ. ఓడ మొత్తం ఒక్క ఫ్రేములో దొరకలేదు, నీళ్లు అంత తేటగా లేవు. అందుకే దగ్గర దగ్గరగా, ఒకదాని అంచు ఇంకోదాని మీద పడేలా నలభై ఫొటోలు తీసి, ఇంటికొచ్చి అతికించాను. నాచు పట్టిన ఇనుప రేకులు, మధ్యలో చేపలు, రేకులకి చిక్కుకున్న పాత వలలు. ఆకుపచ్చవి, నీలంవి, ఎవరివో.

మావయ్యకి చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. వేలితో జూమ్ చేసుకుంటూ ఆ చివరి దాకా వెళ్లాడు. "ఏటిరా, లోతు వైపు ఇంత దూరముందా? మేము ఈ చివరే ఓడ అనుకుంటన్నాం" అన్నాడు.

మర్నాటినుంచి ఆ కొబ్బరితోట గుర్తు మార్చేశాడు. లైట్‌హౌసుకి ఇంకో చెట్టుని వరస పెట్టుకున్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా అక్కడ వల పోలేదు.

మీ ఊరి దగ్గర కూడా పెద్దవాళ్లు పడవ పక్కకి తిప్పే చోటు ఏదైనా ఉందేమో అడగండి. ఉంటే కామెంట్లో రాయండి.