మల్చింగ్ (ఆచ్ఛాదన): చరిత్ర

మొక్కల చుట్టూ నేలను గడ్డి, ఎండుటాకులు, గులకరాళ్లు, కాగితం, ప్లాస్టిక్ షీటు వంటి వాటితో కప్పి ఉంచడాన్ని మల్చింగ్ అంటారు. ప్రకృతి వ్యవసాయంలో దీనికి ఆచ్ఛాదన అని పేరు. నేలలో పదును ఆరిపోకుండా, వాన తాకిడికి మట్టి కొట్టుకుపోకుండా, కలుపు మొలవకుండా ఇది కాపాడుతుంది. గడ్డీ ఆకులూ అయితే చివికి నేలకు సత్తువ కూడా ఇస్తాయి. ఇంత తేలికైన పనికి శాస్త్రవేత్తల ఆమోదం దొరకడానికి ఇరవయ్యో శతాబ్ది నడుమ దాకా పట్టింది. నేలను కప్పడం కన్నా కదిలించడమే మేలన్న నమ్మకం అందుకు ముఖ్య కారణం.

చైనాలోని గాన్సు ప్రాంతంలో పొలాలపై గులకరాళ్లు పరిచే అలవాటు వందల ఏళ్ల నాటిది. పాత పద్ధతుల్లో మెచ్చదగినది కానరీ దీవుల్లోని లాంజరోటేలో కనిపిస్తుంది. 1730-36 మధ్య అక్కడ అగ్నిపర్వతాలు బద్దలై మంచి పొలాలు నల్లని బూడిదరాళ్ల కింద పూడిపోయాయి. ఆ దీవిలోని లా హెరియా ప్రాంతంలో రైతులు అడుగునున్న పాత మట్టి తగిలేదాకా గరాటులాంటి గుంతలు తవ్వి, వాటిలో ద్రాక్ష తీగలు నాటి, గాలి వచ్చే వైపు అర్ధచంద్రాకారంలో రాళ్లు పేర్చారు. ఏడాదికి సుమారు 150 మి.మీ. వాన పడే ఆ చోట, పైనున్న బూడిదరాళ్ల పొర కిందిమట్టి చెమ్మను నిలుపుతుంది. నీటి ఎద్దడిని తీర్చింది పొలాల్ని పూడ్చిన ఆ బూడిదే.

అమెరికా మైదానాల్లో ఇందుకు భిన్నమైన సిద్ధాంతం రాజ్యమేలింది. ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో దాని ప్రచారకుడు హార్డీ వెబ్‌స్టర్ క్యాంప్‌బెల్ ప్రతి వాన తర్వాతా పైమట్టిని కదిలించి పొడి చేయమన్నాడు. నేలలోని సన్నని దారులు తెగి నీరు పైకెక్కదని, పొడి దుమ్మే ఆచ్ఛాదన అవుతుందని ఆయన వాదన. కాలిఫోర్నియాలో ఫ్రాంక్ వైమేయర్ 1927లో ప్రచురించిన పరిశోధన ఈ నమ్మకాన్ని దెబ్బతీసింది. భూగర్భజలం లోతున ఉన్నచోట, కలుపు లేకపోతే, దున్నిన నేలా దున్నని నేలా దాదాపు ఒకే తీరున నీటిని కోల్పోతాయని తేలింది. అంటే దుక్కి వల్ల మిగిలిందనుకున్న నీరు నిజానికి కలుపు చావడం వల్ల మిగిలింది. మరి రాయలసీమలో గుంటక (పైమట్టిని గీకే పనిముట్టు) తోలితే పదును నిలుస్తుందనే రైతుల మాట తప్పా? తప్పు కాదు. నల్లరేగడి బీటలు వారితే ఆ బీటల్లోంచే చెమ్మ పోతుంది, గుంటక వాటిని పూడుస్తుంది, కలుపునూ తీస్తుంది. అయితే పొడిచేసిన మట్టిని గాలి ఎత్తుకుపోకుండా ఆపే శక్తి దుక్కికి లేదు. 1930ల్లో అమెరికా మైదానాలను ముంచెత్తిన దుమ్ము తుఫానులు ఆ సంగతి చాటాయి.

అదే దశకం చివర నెబ్రాస్కాలో డ్యూలీ, రసెల్ అనే శాస్త్రవేత్తలు పంట మోళ్లనూ గడ్డినీ నేలపైనే వదిలి వాననీరు బాగా ఇంకుతుందని చూపారు. చినుకు తాకిడికే మట్టిరేణువులు విడిపోతాయని, కోత అక్కడే మొదలవుతుందని 1944లో ఎలిసన్ అనే పరిశోధకుడు వివరించాడు. ఇళ్ల తోటలకు ఈ పద్ధతిని చేరవేసిన ఘనత 1955లో పుస్తకం రాసిన రూత్ స్టౌట్‌ది. తోటనంతా ఎండుగడ్డితో కప్పి, తవ్వడం మానేయమని ఆమె సలహా.

గడ్డి చివికేటప్పుడు సూక్ష్మజీవులు నత్రజనిని లాక్కుంటాయన్న అభ్యంతరం ఉంది. గడ్డిని మట్టిలో కలిపితే అది నిజమే. పైన పరిస్తే ఆ లోటు పైపొరకే పరిమితం, వేళ్ల దాకా పెద్దగా పోదు. కాండానికి ఆనించి పోస్తే మొదలు కుళ్లుతుంది కనుక చుట్టూ కొంత చోటు వదలాలి. పశువుల మేతకే చాలని గడ్డిని నేలపై వేయడమెలా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. దీనికి ప్లాస్టిక్ ఒక జవాబుగా వచ్చింది. హవాయిలో చెరకుకు, తర్వాత అనాసకు వాడిన తారుకాగితం దాని పూర్వరూపం. 1950ల నుంచి ప్లాస్టిక్ షీట్లు కూరగాయల సాగులోకి వచ్చాయి. చైనాలో 1970ల చివరి నుంచి ఎంతో వ్యాపించాయి. కానీ పలుచని షీటు చినిగి ముక్కలు మట్టిలోనే మిగిలిపోతాయి, నేలకు సేంద్రియ పదార్థమూ చేరదు. ఆంధ్రప్రదేశ్‌లో 2016 తర్వాత విస్తరించిన ప్రకృతి వ్యవసాయం మరో దారి పట్టింది. వానలకు ముందే నవధాన్యాలు చల్లి, నేలపై పచ్చని కప్పు పెంచి, అందులో కొంత మేతకు కోసుకుని, మిగతాది ఆచ్ఛాదనగా వదిలేస్తారు.