సిఫర్ వేరు, ఖాళీ ఖానా వేరు

ఉర్దూ మీడియం బడిలో మాకు సున్నా అంటే సిఫర్. అరబీలో ఆ మాటకు ఖాళీ అని అర్థం. యూరప్ వాళ్ళ 'జీరో' కూడా దాని నుంచే పుట్టింది. కానీ కంప్యూటర్ దగ్గర సిఫర్ వేరు, ఖాళీ వేరు. ఆ ఫరక్ వెనక ఒక తారీఖ్ ఉంది, అంటే చరిత్ర.

1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గార్ కాడ్, సమాచారాన్నంతా పట్టికలుగా పెట్టుకోవచ్చని ఒక వ్యాసం రాశాడు. 1974లో అదే కంపెనీకి చెందిన డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయ్స్ ఆ పట్టికలను సవాల్ అడిగే భాష తయారుచేశారు. అదే నేటి ఎస్‌క్యూఎల్. మరి వివరం తెలియని ఖానాలో ఏం పెట్టాలి? సిఫర్ రాస్తే ఝూట్ అవుతుంది. అందుకే 'నల్' అనే గుర్తు. 1979లో కాడ్ దానికి హిసాబ్ చెప్పాడు: హా, నహీ చాలవు, 'మాలూమ్ నహీ' అనే మూడో జవాబు కూడా కావాలి.

మన ఇళ్ళలోనే చూడండి. పుట్టిన తారీఖు ఎవరూ రాసిపెట్టని దాదీమాలు, నానీమాలు ఎంతమంది! మా దాదీమా కూడా అంతే. అలాంటి పెద్దావిడ పేరు పట్టికలో ఉంది, పుట్టిన సంవత్సరం ఖానా మాత్రం ఖాళీ అనుకోండి. '1950కి ముందు పుట్టినవాళ్ళెవరు?' అని అడిగితే ఆమె పేరు రాదు. '1950లో గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళెవరు?' అన్నా రాదు. రెండింటికీ మెషీన్ జవాబు 'మాలూమ్ నహీ'. జాబితాలోకి ఎక్కేది పక్కా 'హా' వచ్చిన పేర్లే.

రెండు ఖాళీ ఖానాలు సమానమా అన్నా అదే జవాబు. ఇద్దరి తారీఖులూ తెలియనప్పుడు ఒకేరోజు పుట్టారని ఎలా అంటాం? కాదని మాత్రం ఎలా అంటాం? అందుకే ఖాళీలను వెతకడానికి 'సమానం' గుర్తు పనికిరాదు. 'ఈజ్ నల్' అని విడిగా అడగాలి.

కాడ్‌తో కలిసి పనిచేసిన క్రిస్ డేట్‌కు ఈ నల్ నచ్చలేదు, అసలు వద్దన్నాడు. కాడ్ తగ్గలేదు. 1990 నాటి పుస్తకంలో రెండు రకాల ఖాళీలు ఉండాలన్నాడు: జవాబు ఉండి మనకు తెలియనిది ఒకటి, సవాలే వర్తించనిది ఇంకొకటి, నికా కాని అమ్మాయిని శోహర్ పేరు అడిగినట్టు. ఎస్‌క్యూఎల్ మాత్రం ఒక్క నల్‌తోనే సరిపెట్టుకుంది.

జర్నలిస్టుగా నాకు ఇది రోజూ పనికొచ్చే సబక్. అరవై దాటినవాళ్ళు ఇంతమంది, దాటనివాళ్ళు ఇంతమంది అని ఎవరైనా లెక్క చూపిస్తే, మొత్తం ఎంతమంది అని మూడో సవాల్ వేస్తాను. రెండూ కలిపినా మొత్తానికి తక్కువైతే, తగ్గినవాళ్ళు లేనివాళ్ళు కాకపోవచ్చు. తారీఖు రాసిలేని మన పెద్దలే కావచ్చు.