హోం ఐసోలేషన్ (కోవిడ్-19)

హోం ఐసోలేషన్ అనగా అంటువ్యాధి సోకిన వ్యక్తిని ఆసుపత్రిలో చేర్చకుండా, ఇంటిలోనే మిగిలిన కుటుంబ సభ్యులకు దూరంగా ఒక గదిలో ఉంచి, వైద్యుల సలహాపై సంరక్షించే పద్ధతి. దీనిని తెలుగులో గృహ ఏకాంతవాసం అని కూడా అంటారు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్-19ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా పేర్కొన్న తరువాత ఈ మాట తెలుగువారి ఇళ్ళలో నిత్య వ్యవహారంలోకి వచ్చింది. కోవిడ్ సోకినవారిలో ఎక్కువమందికి ఆసుపత్రి అవసరం కలుగలేదు. కొద్దిమందికి మాత్రం ఆ అవసరం ఉన్నట్టుండి ఏర్పడింది. అందువలన రోగిని ఇంటిలో జాగ్రత్తగా ఉంచడం ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆసుపత్రికి తరలించాలో గుర్తించడం అంతకంటె ముఖ్యం.

క్వారంటైన్‌తో భేదం

ఈ రెండు మాటలను చాలామంది ఒకే అర్థంలో వాడారు. వ్యాధి ఉన్నదని తేలిన వ్యక్తిని వేరుగా ఉంచడం ఐసోలేషన్. రోగితో సన్నిహితంగా మెలగినప్పటికీ ఇంకా వ్యాధి బయటపడని వ్యక్తిని కొన్ని రోజులు వేరుగా ఉంచి గమనించడం క్వారంటైన్.

నేపథ్యం

భారతదేశంలో తొలి కోవిడ్ కేసు 2020 జనవరి 30న కేరళలో నమోదైంది. తెలంగాణలో తొలి కేసు అదే ఏడాది మార్చి 2న, ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 12న నెల్లూరులో బయటపడ్డాయి. మొదటి వారాలలో వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారినీ ఆసుపత్రికి తరలించేవారు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2020 ఏప్రిల్ 27న, అతి స్వల్ప లక్షణాలున్నవారు ఇంటివద్దనే ఉండడానికి అనుమతిస్తూ మార్గదర్శకాలు జారీచేసింది. జూలై 2న లక్షణాలు లేనివారికి కూడా ఈ వెసులుబాటు కల్పించింది. 60 ఏళ్ళు పైబడినవారు, మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు వంటివి ఉన్నవారు వైద్యుడు పరీక్షించి సరేనన్న తరువాతనే ఇంటిలో ఉండాలని నియమం పెట్టారు.

2021 ఏప్రిల్, మే నెలలలో వచ్చిన రెండవ దశలో పడకలకు, ఆక్సిజన్‌కు తీవ్రమైన కొరత ఏర్పడి, ఇళ్ళే చికిత్సాలయాలు అయ్యాయి. 2021 మే నెలలో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే జరిపి, లక్షణాలున్నవారికి మందుల కిట్లు పంచింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆశా కార్యకర్తలు, వాలంటీర్లు ఇంటింటికీ తిరిగి వివరాలు సేకరించారు. అక్కడ 104 ఫోన్ నంబరు ద్వారా సలహాలు అందాయి.

ఇంటి ఏర్పాట్లు

రోగికి గాలి, వెలుతురు ధారాళంగా వచ్చే గది, వీలైతే ప్రత్యేకమైన మరుగుదొడ్డి అవసరం. తొలి నెలలలో వస్తువులను తాకడం వలన కలిగే ప్రమాదం గురించే ఎక్కువగా చెప్పుకున్నారు. శ్వాసతోను, మాటలతోను వెలువడి గాలిలో తేలే సూక్ష్మకణాలే ముఖ్య కారణమని తరువాత స్పష్టమైంది. కనుక కిటికీలు తెరచి ఉంచడం, గదిలో ఇద్దరు ఉన్నప్పుడు ఇద్దరూ మాస్కు ధరించడం అన్నిటికంటె ఉపయోగకరం. సేవ చేసే బాధ్యత ఆరోగ్యవంతులైన ఒకరే తీసుకొని, వృద్ధులను, గర్భిణులను ఆ పనికి దూరంగా ఉంచాలి. కంచం, గ్లాసు, తువ్వాలు వేరుగా ఉండాలి. పాత్రలు సబ్బునీటితో తోమితే చాలును.

ఒకే గది ఉన్న ఇళ్ళకు ఈ నియమాలు అందలేదు. 2021 మే నెలలో నల్గొండ జిల్లాలో ఒక యువకుడు ఇంటిలో వేరే గది లేక, తన వలన ఇంటివారికి సోకుతుందేమోనని చెట్టుపైన వెదురు కర్రలతో పడక కట్టుకొని 11 రోజులు గడిపిన సంగతి పత్రికలలో వచ్చింది. ఇటువంటి కుటుంబాల కోసమే కోవిడ్ కేర్ సెంటర్లను ఉద్దేశించారు.

రోగిని గమనించే విధానం

లక్షణాలు కనబడిన రోజును మొదటి రోజుగా లెక్కించి, రోజువారీ వివరాలు కాగితంపై వ్రాసి ఉంచడం మంచిది. వ్యాధి ముదిరే రోగులలో అది సాధారణంగా మొదటి వారం చివర, రెండవ వారం ఆరంభంలో జరుగుతుంది. జ్వరం తగ్గిందని ఆ రోజులలో ఏమరరాదు.

రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని పల్స్ ఆక్సీమీటరుతో చూస్తారు. ఆరోగ్యవంతులలో ఇది సాధారణంగా 95 నుండి 100 వరకు ఉంటుంది. కోవిడ్ రోగులలో కొందరికి ఆక్సిజన్ బాగా పడిపోయినప్పటికీ ఆయాసం తెలియదు; మామూలుగా మాట్లాడుతూనే ఉంటారు. రోగి బాగానే ఉన్నానని చెప్పినంత మాత్రాన నమ్మకుండా కొలిచి చూడవలసిన అవసరం ఇందువలననే కలిగింది. కొలిచే ముందు కొన్ని నిమిషాలు కూర్చొని విశ్రాంతి తీసుకోవాలి. వేలు చల్లగా ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా అంకె తప్పు రావచ్చు. ముదురు చర్మవర్ణం ఉన్నవారిలో ఈ పరికరం అసలుకంటె ఎక్కువ చూపే అవకాశం ఉన్నదని 2020 డిసెంబరులో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. కనుక ఒక్క అంకెకంటె రోజురోజుకూ అది దిగుతున్నదా అన్నది ముఖ్యం.

ఈ క్రింది సూచనలలో ఏది కనబడినా వెంటనే వైద్యసహాయం పొందాలి:

• ఆక్సిజన్ శాతం 94 కంటె తగ్గడం
• ఊపిరి పీల్చుకోవడం కష్టం కావడం
• ఛాతీలో విడవని నొప్పి లేదా బిగువు
• అయోమయం, లేవలేనంత మత్తు
• పెదవులు, ముఖం నీలివర్ణానికి మారడం

ఆసుపత్రికి చేర్చేలోగా రోగిని బోర్లా పడుకోబెడితే ఆక్సిజన్ కొంత మెరుగుపడుతుంది. గర్భిణులకు, తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవారికి ఇది తగదు. భోజనం చేసిన గంటవరకు ఎవరూ చేయరాదు.

మందులు, ఆహారం

స్వల్ప వ్యాధికి జ్వరం తగ్గించే పారాసిటమాల్, విశ్రాంతి, తగినంత నీరు ప్రధానం. యాంటీబయాటిక్ మందులు వైరస్‌పై పనిచేయవు.

ఇళ్ళలో జరిగిన పొరపాట్లలో ప్రమాదకరమైనది స్టెరాయిడ్లను ముందుగానే వాడడం. బ్రిటన్‌లో జరిగిన రికవరీ అనే పరిశోధన 2020 జూన్‌లో, ఆక్సిజన్ అవసరమైన రోగులలో డెక్సామెథసోన్ మరణాలను తగ్గిస్తుందని తేల్చింది. అదే పరిశోధన ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివలన మేలు లేదని కూడా తేల్చింది. మొదటి మాట ప్రచారమైనంతగా రెండవది ప్రచారం కాలేదు. స్టెరాయిడ్లు రక్తంలో చక్కెరను పెంచుతాయి. 2021లో వ్యాపించిన మ్యూకర్‌మైకోసిస్ (బ్లాక్ ఫంగస్) ఎక్కువగా అదుపులేని మధుమేహం ఉన్నవారికి, స్టెరాయిడ్లు వాడినవారికి సోకింది.

ఆహారంలో పథ్యం పేరిట పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించనవసరం లేదు. ఆవిరి పట్టడం ముక్కుదిబ్బడకు ఉపశమనం ఇస్తుందే కాని వైరస్‌ను చంపదు. మరిగే నీటివలన పిల్లలు కాలే ప్రమాదం ఉన్నది. తల్లికి కోవిడ్ సోకినా మాస్కు ధరించి, చేతులు కడుగుకొని బిడ్డకు పాలివ్వవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

మానసిక స్థితి

గదిలో ఒంటరిగా ఉన్న రోగికి భయం, నిద్రలేమి సహజం. గుమ్మం అవతలి నుండి పలకరించడం, ఫోనులో మాట్లాడడం వంటివి చికిత్సలో భాగాలే. సేవ చేసేవారి అలసటను కుటుంబాలు తరచు మరచిపోతాయి. వారికి నిద్ర, వేళకు భోజనం ఏర్పాటు చేయాలి. మానసిక ఆరోగ్య సలహాల కొరకు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న టెలి-మానస్ సేవను 14416 నంబరుతో ప్రారంభించింది.

ఏకాంతవాసం ముగింపు

2021 మార్గదర్శకాల ప్రకారం లక్షణాలు మొదలై 10 రోజులు గడచి, చివరి 3 రోజులు జ్వరం లేకపోతే రోగి బయటకు రావచ్చు. 2022 జనవరిలో దీనిని పరీక్షలో నిర్ధారణ అయిన నాటినుండి 7 రోజులకు తగ్గించారు. మళ్ళీ పరీక్ష చేయించుకోనవసరం లేదని రెండింటిలోనూ పేర్కొన్నారు.

2021 జనవరి 16న దేశంలో టీకాల కార్యక్రమం ఆరంభమైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అంతర్జాతీయ అత్యవసర స్థితి ముగిసినట్లు ప్రకటించింది. గాలి ఆడే గది, మాస్కు, రోజులు లెక్కించి గమనించడం అన్న అలవాట్లు ఇన్‌ఫ్లుయెంజా వంటి ఇతర శ్వాసకోశ వ్యాధులలోను కుటుంబాలకు ఉపయోగపడతాయి.