శ్రీహరికోట నుంచి దక్షిణానికి

అదిశ రాశి: అంకె, ప్రమాణం చెబితే పూర్తయ్యేది. ద్రవ్యరాశి, కాలం, ఉష్ణోగ్రత ఈ కోవలోవే. ఇందులో చిక్కేమీ లేదు.

సదిశ రాశి: దిశ కూడా చెబితేగాని తేలనిది. కాగితం మీద బాణంగా గీస్తాం. పొడవు పరిమాణం, మొన దిశ. అయితే దిశ ఉన్నదల్లా సదిశ కాదు, త్రిభుజ నియమం ప్రకారం (ఒక బాణం మొన దగ్గర రెండోదాని తోక పెట్టి) కూడితేనే సదిశ. విద్యుత్ ప్రవాహానికి దిశ ఉంది, కూడేది మాత్రం మామూలు అంకెల్లాగే; కాబట్టి అది అదిశే. పరీక్షల్లో పిల్లలు బోల్తాపడేది ఇక్కడే.

వడి, వేగం: మొదటిది అదిశ, రెండోది సదిశ. స్పీడోమీటరు చూపేది వడి. భూస్థిర ఉపగ్రహం సెకనుకు సుమారు 3.07 కిలోమీటర్ల వడితో తిరుగుతూనే ఉంటుంది. వడి మారదు, దిశ మారుతుంది కాబట్టి వేగం క్షణక్షణం మారుతుంది. వేగం మారితే త్వరణం ఉన్నట్టే. దాన్ని ఇస్తున్నది భూమి ఆకర్షణ.

అంశం: ఒక వేగాన్ని తూర్పుకెంత, దక్షిణానికెంత అని విడగొడితే వచ్చే ముక్క. శ్రీహరికోటలో రాకెట్ ఇంకా లేవకముందే, భూభ్రమణం వల్ల దానికి తూర్పుగా సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగం ఉంటుంది. తూర్పుకు వెళ్లే జీఎస్ఎల్‌వీకి ఇది అయాచిత వరం. ధ్రువాల మీదుగా, కాస్త పడమరకు వాలిన కక్ష్యకు వెళ్లే పీఎస్ఎల్‌వీకి అదే గుదిబండ. ఇంధనం మండించి మరీ వదిలించుకోవాలి.

వేగంలో మార్పు: అసలు కథ ఇది. నేరుగా దక్షిణానికి పంపితే దారిలో శ్రీలంక. రాలిపోయే దశలు జనం మీద పడకూడదు. అందుకే పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా సాగి, తర్వాత దక్షిణానికి మళ్లుతుంది. ఆ మళ్లడం ఊరికే రాదు. ఉదాహరణకు సెకనుకు 2 కిలోమీటర్ల వడితో పోతున్నది వడి మార్చకుండా 60 డిగ్రీలు తిరగాలనుకుందాం. పాత బాణం, కొత్త బాణం ఒకే బిందువు నుంచి గీసి మొనలు కలపండి: సమబాహు త్రిభుజం. మూడో భుజమే వేగంలో మార్పు, అదీ సెకనుకు 2 కిలోమీటర్లే! వడి రవ్వంత పెరగలేదు, ఖర్చు మాత్రం నిలకడ నుంచి ఆ వడి అందుకోవడానికి అయ్యేంత.

చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ ఇలాంటి ఖర్చు తట్టుకోలేదు. తమిళనాడులోని కులశేఖరపట్నంలో 2024 ఫిబ్రవరిలో కొత్త ప్రయోగ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది అందుకే. అక్కడి నుంచి దక్షిణాన అంతా సముద్రమే. భూమధ్యరేఖకు ఇంకా దగ్గర కాబట్టి వదిలించుకోవాల్సిన తూర్పు వేగం సెకనుకు ఓ 10 మీటర్లు ఎక్కువ. మలుపు తప్పినందుకు అది చిల్లర ఖర్చు.