నాటుసారా

నాటుసారా బెల్లము, ఇప్పపువ్వు వంటి తీపి పదార్థములను పులియబెట్టి, ఆ ఊటను కాచి, పైకి వచ్చిన ఆవిరిని చల్లార్చి దించే మద్యము. తెలంగాణలో దీనిని గుడుంబా అని కూడా అంటారు. విస్కీ, బ్రాందీల వలె దీనిని కొయ్యపీపాలలో ఏళ్ళ తరబడి నిలవ ఉంచరు. అందువలన ముడిపదార్థపు వాసన, కాచినవారి పనితనము రెండూ దీనిలో దాపరికము లేకుండా తెలుస్తాయి. అందులో కలిసిన విషము మాత్రము నాలుకకు తెలియదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో దీని తయారీ, అమ్మకము చట్టవిరుద్ధము. తెలుగునాట కల్లు, సారాల రుచిభేదములు, విదేశీ మద్యములతో వాటికి గల పోలికలు, కల్తీ వలన కలిగే ప్రమాదము, నందిగామ - జగ్గయ్యపేట మెట్టప్రాంతము మీదుగా సాగిన నిషేధ చరిత్ర ఈ వ్యాసములో ఉన్నవి.

ప్రాచీన ప్రస్తావనలు

మనుస్మృతి సురను మూడు విధములుగా చెప్పినది: బెల్లముతో చేసినది గౌడీ, పిండితో చేసినది పైష్టీ, మధూకపుష్పముతో చేసినది మాధ్వీ. మధూకము అంటే ఇప్ప. మాధ్వీ అంటే తేనెతో చేసినదని చెప్పేవారు కూడా ఉన్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రములో మద్యవ్యవహారములను చూచే సురాధ్యక్షుని విధులతోపాటు మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను ఆరు రకములు కనిపిస్తాయి. ఇవన్నీ కాచి దించినవే అని చెప్పుటకు వీలులేదు, పులియబెట్టినవే ఎక్కువ. అయినప్పటికీ మద్యమును దాని ముడిపదార్థమును బట్టి విడదీసి చూడడము మన దేశములో ఎంత పాతదో వీటివలన తెలుస్తుంది. ఆంగ్లేయులు వాడిన అరక్ అనే పేరు అరబ్బీ భాషనుండి వచ్చినది. ఆ భాషలో దానికి చెమట అని అర్థము. మూతకు పట్టి చుక్కలుగా కారే ఆవిరిని చూచినవారికి ఈ పేరు ఎంత సరిపోయినదో తెలుస్తుంది.

కల్లు

సారా రుచి తెలియాలంటే ముందు కల్లును గురించి తెలుసుకోవాలి. కల్లు కాచినది కాదు, కేవలము పులిసినది. తాటికల్లును చెట్టు గెలలను చెక్కి తీస్తారు. ఈతకల్లును మాత్రము మొవ్వుకు దిగువన మానునే చెక్కి తీస్తారు. ఈత చలికాలములోను, తాడు వేసవిలోను ఎక్కువగా పారుతాయి. ఏజెన్సీ ప్రాంతములలో జీలుగుకల్లు కూడా దొరుకుతుంది. కుండలో పడిన క్షణమునుండే గాలిలోని, కుండలోని ఈస్టు పని మొదలవుతుంది. తెల్లవారుజామున దించినది తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి పులుపెక్కి, సుమారు 4 నుండి 5 శాతము ఆల్కహాలు చేరుతుంది. మరునాటికి అది పుల్లని వెనిగరు దారి పడుతుంది. ఒకే చెట్టు కల్లును ఉదయము ఒకసారి, మధ్యాహ్నము ఒకసారి రుచి చూచినవారు రెండూ వేరు పానీయములని భ్రమపడవచ్చును. కుండకు సున్నము పూసి, పులియకుండా ఆపితే వచ్చేది నీరా. అందులో మత్తు ఉండదు.

బెల్లపుసారా, ఇప్పసారా

బెల్లపు ఊటలో తుమ్మచెక్క, నవసారము వేసే అలవాటు ఉన్నది. తుమ్మచెక్క వగరు ఊటలోనే ఉండిపోతుంది, ఆవిరితో పైకి రాదు. నవసారము ఈస్టుకు ఆహారము. దించిన సారాలో కాలిన బెల్లపు వాసన, దానివెనుక పులిసిన ఊట పులుపు, గొంతులో మంట ఉంటాయి. అడుగంటేటట్లు కాచితే మాడు వాసన వస్తుంది. ఆ వాసన ఎంత నిలవ ఉంచినా పోదు.

ఇప్పసారా ఆదిలాబాదు గోండుల, గోదావరి తీరపు కోయల జీవితముతో ముడిపడినది. మార్చి, ఏప్రిల్ నెలలలో రాత్రివేళ రాలే పూలను తెల్లవారుజామున ఏరి, ఎండబెట్టి, నిలవ చేస్తారు. ఎండిన ఇప్పపువ్వు ఎండుద్రాక్షను పోలి ఉంటుంది. దీనిని ఆహారముగా కూడా తింటారు. దీని సారాలో పూలవాసన ముందు వస్తుంది, తీపి భ్రమ తరువాత వస్తుంది. స్వేదనములో చక్కెర పైకి రాదు కనుక ఆ తీపి నిజానికి ముక్కు చేసే మాయ. బెల్లపుసారాకంటె ఇది మృదువుగా ఉండునని ఎక్కువమంది అభిప్రాయము.

ఈ రెండింటికి భిన్నమైనది ఒకప్పటి ప్రభుత్వ సారా. చక్కెర మిల్లుల మడ్డినుండి తీసిన రెక్టిఫైడ్ స్పిరిటులో నీరు కలిపి దానిని తయారుచేసేవారు. ఆ స్పిరిటులో ఆల్కహాలు సుమారు 95 శాతము ఉంటుంది. అంత శుద్ధి చేసిన తరువాత ముడిపదార్థపు గుర్తు మిగలదు. కనుక దాని రుచిని గురించి చెప్పుటకు ఏమీ లేదు, మంట తప్ప. పల్లెలను ఎక్కువగా పాడుచేసినది ఈ రుచిలేని సారాయే.

ఇతర దేశములలో

ఐర్లాండు దేశపు పొచీన్ నాటుసారాకు దగ్గరి చుట్టము. ఆ మాటకు అర్థము చిన్నకుండ. బార్లీ మొలకలు, బంగాళాదుంపలు మొదలైన వాటితో ఇంటిచాటున కాచేవారు. 1661లో స్వేదనముపై పన్ను వచ్చిన తరువాత పొచీన్ దొంగచాటు వ్యవహారమై, 1997లో మాత్రమే తిరిగి చట్టబద్ధముగా అమ్మకానికి వచ్చినది. ఐరిష్ విస్కీ అనిపించుకోవాలంటే కొయ్యపీపాలో కనీసము మూడేళ్ళు ఉండాలి. పొచీన్‌కు ఆ నియమము లేదు. మూడేళ్ళలో కొయ్యనుండి రంగు, తీపివాసన చేరి, ధాన్యపు మొరటుదనము తగ్గుతుంది. రెండింటినీ పక్కపక్కన ఉంచితే కొయ్య చేసే పని ఏమిటో తెలుస్తుంది. గోవాలో జీడిమామిడి పండ్లతో కాచే ఫెన్నీకి 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. బెల్లపుసారాకు అటువంటి గౌరవము ఎక్కడా దక్కలేదు.

వెర్మూత్ సారా కాదు. ద్రాక్షమద్యములో మూలికలు నానబెట్టి, కొంచెము స్పిరిటు చేర్చినది. ఆ పేరు చేదుమొక్క అయిన వర్మ్‌వుడ్‌కు గల జర్మన్ పేరునుండి వచ్చినది. మన పూజాపత్రులలోని మాచిపత్రి ఆ మొక్క కుటుంబములోనిదే. టురిన్ నగరములో 1786లో కార్పానో తీపి వెర్మూత్‌ను అమ్మకానికి పెట్టినాడు. దీనికి మన ద్రాక్షారిష్టము వంటి ఆయుర్వేద అరిష్టములతో పోలిక చెప్పవచ్చును. అయితే అరిష్టములో బయటినుండి స్పిరిటు కలపరు, పులియుటవలన దానంతట అదే పుట్టే ఆల్కహాలు 5 నుండి 12 శాతము వరకు ఉంటుంది. ఇక లికర్లు అనబడే తీపిమద్యములలో పండ్లు, సుగంధద్రవ్యములతోపాటు చక్కెర విస్తారముగా ఉంటుంది. ఐరోపా నియమముల ప్రకారము సాధారణముగా లీటరుకు కనీసము 100 గ్రాములు ఉండాలి. తీపి లోపములను కప్పివేస్తుంది గనుక మద్యపు నాణ్యతను వీటి రుచినిబట్టి నిర్ణయించుట కష్టము.

వృత్తిగా రుచి చూచేవారు మద్యమునకు నీరు కలిపి, ఆల్కహాలును 20 శాతము దరికి దించి, మొదట వాసన చూస్తారు. నోట పుక్కిలించి ఉమ్మివేస్తారు, మింగరు.

రుచికి అందని విషము

మిథనాలు కూడా ఆల్కహాలే. నాలుకకు, ముక్కుకు ఇథనాలునుండి దీనిని వేరుచేసే శక్తి లేదు. సారాను అంటించి, నీలిమంట వస్తే మంచిదని నమ్మేవారు ఉన్నారు. మిథనాలు మంట కూడా లేత నీలమే కనుక ఆ పరీక్ష పనికిరాదు. కాచేటప్పుడు మొదట వచ్చిన ధారను పారబోస్తే విషము పోతుందను నమ్మకము కూడా పూర్తిగా సరికాదు. మిథనాలు 64.7 డిగ్రీల సెల్సియస్, ఇథనాలు 78.4 డిగ్రీల వద్ద మరుగుతాయన్నది నిజమే. కాని నీటితో కలిసి ఉన్నప్పుడు మామూలు బట్టీలో అవి చక్కగా విడిపోవు. నిజానికి బెల్లపు ఊటలో పుట్టే మిథనాలు బహుస్వల్పము. మరణములకు కారణమయ్యేది పరిశ్రమల స్పిరిటును తెచ్చి కలపడము.

శరీరములో మిథనాలు ఫార్మాల్డిహైడుగా, ఆపైన ఫార్మిక్ ఆమ్లముగా మారుతుంది. ఆ ఆమ్లము కంటినరమును దెబ్బతీస్తుంది. లక్షణములు తరచు 12 నుండి 24 గంటల తరువాత గాని కనబడవు. చూపు మసకబారుట, కడుపునొప్పి, ఆయాసము కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. ఫోమెపిజోల్ అను మందు, రక్తశుద్ధి వలన ప్రాణము, చూపు దక్కే అవకాశము ఉన్నది. కల్లులో కల్తీ వేరు విధమైనది. చెట్లు తక్కువైన చోట నీళ్ళలో క్లోరల్ హైడ్రేటు, ఆల్‌ప్రజోలము వంటి మత్తుమందులు కలిపి కల్లుగా అమ్ముతారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతములో కల్తీకల్లు తాగి పలువురు మరణించినారు.

నిషేధము

పరిటాల 2022నుండి ఎన్టీఆర్ జిల్లాలో ఉన్నది. అంతకుముందు కృష్ణా జిల్లాలోనిది. బ్రిటిషు పాలనలోని గ్రామముల నడుమ ఈ పరగణా నైజాము ఏలుబడిలో ఉండేది. మద్రాసు రాష్ట్రము 1937లో సేలము జిల్లాతో మొదలుపెట్టి, 1948నాటికి మద్యనిషేధమును రాష్ట్రమంతటా విస్తరించినది. నైజాము ఖజానాకు మాత్రము అబ్కారీ ఒక పెద్ద ఆధారము. ఈ విధముగా రెండు ప్రభుత్వముల రెండు విధానములు ఈ మెట్టపొలాల మధ్యనే ఎదురెదురుగా నిలిచినవి.

1980లలో రాష్ట్రప్రభుత్వము వారుణి వాహిని పథకము క్రింద సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో అమ్మించినది. సీసా, గ్లాసు అవసరము లేక, జేబులో పట్టే ఈ ప్యాకెట్టు కూలివాడల గడప దాకా వచ్చినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు 1992లో వర్ధినేని రోశమ్మ మొదలైనవారి నాయకత్వములో సారా అమ్మకమును అడ్డుకున్నారు. ఉద్యమము జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1నుండి రాష్ట్రమంతటా సారాను, 1995 జనవరి 16నుండి మద్యమునంతటినీ నిషేధించినారు. 1997లో ప్రభుత్వము మద్యమును తిరిగి అనుమతించినది గాని సారాపై నిషేధమును ఎత్తివేయలేదు.

2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత జగ్గయ్యపేట దగ్గరి గరికపాడు అంతర్రాష్ట్ర తనిఖీకేంద్రమైనది. 2019 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మద్యము ధరలు పెంచినప్పుడు తెలంగాణనుండి సీసాల అక్రమ రవాణా ఈ దారిన పెరిగి, తనిఖీలు ఎక్కువైనవి.