డిగ్రీకీ కొలువుకీ మధ్య ఖర్చు ఎవరిది?

డిగ్రీ పూర్తయినవాడికి ఉద్యోగం రాకపోతే ఆ నేరాన్ని చదువు మీదికో, చదివినవాడి మీదికో నెట్టేయడం మనకు తాతల నాటి అలవాటు. కాలేజీల్లో చెప్పేది పనికిరాదంటారు, కుర్రాళ్లకు నైపుణ్యం లేదంటారు, కుర్చీలో కూర్చునే పనే కావాలంటారని విసుక్కుంటారు. చదువుకున్నవాళ్ల నిరుద్యోగంపై యునైటెడ్ ప్రావిన్సెస్ (నేటి ఉత్తరప్రదేశ్) ప్రభుత్వం వేసిన తేజ్ బహదూర్ సప్రూ కమిటీ 1935లో నివేదిక ఇచ్చింది. చదువంతా సర్కారు కొలువు వైపే నడుస్తోందనీ, వృత్తివిద్య పెరగాలనీ అప్పుడే చర్చ జరిగింది. ఆ తర్వాత చదువు ఎన్నో రూపాలు మార్చుకుంది, ఫిర్యాదు మాత్రం మారలేదు. కాబట్టి చరిత్రను అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పట్టాకీ మొదటి జీతానికీ మధ్య ఎదురుచూపు ఎప్పుడూ ఉన్నదే. ఆ ఎదురుచూపు ఖర్చు ఏ కాలంలో ఎవరు భరించారు? తెలుగు ప్రాంతాల్లో మొదటి ఉద్యోగం కథ అంతా ఈ లెక్క చుట్టూనే తిరిగింది.

ఇంగ్లీషు చదివినవాళ్లకు సర్కారు కొలువుల్లో ప్రాధాన్యం ఇవ్వాలని గవర్నర్ జనరల్ హార్డింజ్ తీర్మానించింది 1844లో. మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది 1857లో. అయితే పరీక్ష గట్టెక్కినంత మాత్రాన కచేరీలో కుర్చీ సిద్ధంగా ఉండేది కాదు. ముందు ఉమేదువారుగా చేరాలి. జీతం ఉండదు. గుమాస్తాల పక్కన చాప మీద కూర్చుని నకళ్లు రాయాలి, కట్టలు సర్దాలి, శిరస్తాదారు కంట్లో పడాలి. ఎవరైనా సెలవు పెడితే ఆ నాలుగు రోజులూ ఆక్టింగు దొరుకుతుంది. ఖాయమయ్యేదాకా తిండిగింజలు ఇంటి నుంచే రావాలి. ఈనాం భూమో కరణీకమో ఉన్న ఇంటివాడు అలా ఏళ్లు గడపగలడు, కౌలురైతు కొడుకు గడపలేడు. గురజాడ అప్పారావు 1886లో బి.ఏ. ముగించి, డిప్యూటీ కలెక్టరు కచేరీలో గుమాస్తాగా చేరి, మరుసటి ఏడు విజయనగరం మహారాజా కాలేజీలో లెక్చరరయ్యారు. ప్రతిభకు సంస్థానం ఆదరణ తోడైన చోట దారి అంత దగ్గర. ఆ ఆదరణ లేనిచోట బంధుత్వం, కులం, సిఫారసు చీటీ పనిచేసేవి. బ్రాహ్మణేతరుల తరఫున పుట్టిన జస్టిస్ పార్టీ కోపమంతా ఈ ఏర్పాటు మీదే. 1929లో మద్రాసు సర్వీసు కమిషన్ చట్టం వచ్చి సిఫారసు స్థానంలో పరీక్షను నిలబెట్టింది. అది తలుపును కాస్త వెడల్పు చేసింది గానీ, తలుపు బయట నిలబడే కాలానికి భత్యమేమీ ఇవ్వలేదు.

నిలబడే కాలం ప్రభుత్వానికి సంబంధించిన విషయమన్న ఆలోచన రెండో ప్రపంచ యుద్ధం వల్ల వచ్చింది. సైన్యం నుంచి తిరిగొచ్చేవాళ్లకు పని చూపించడానికి 1945లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలు పెట్టారు. 1948లో వాటిని అందరికీ తెరిచారు. 1959 చట్టం ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలూ, పాతికమందికి తగ్గని ప్రైవేటు సంస్థలూ తమ ఖాళీలను ఎక్స్ఛేంజికి తెలపాల్సి వచ్చింది. ఆ తర్వాతి తరాలకు డిగ్రీ కాగానే మొదటి పని జిల్లా కేంద్రానికి బస్సెక్కడమే. ఫారం నింపి, సర్టిఫికెట్లు చూపిస్తే ఒక కార్డు ఇచ్చేవారు. దాని మీద నంబరు, చేరిన తేదీ, అర్హత, రెన్యువల్ గడి. రెన్యువల్ మరచిపోతే సీనియారిటీ పోయేది, అందుకే ఇళ్లలో ఆ కార్డును పొలం పట్టాలతో కలిపి ట్రంకుపెట్టెలో దాచేవారు. చేరిన తేదీయే అక్కడ ఆస్తి. కూలివాడి కొడుకు తేదీకీ మునసబు కొడుకు తేదీకీ కాగితం మీద ఒకటే విలువ, ఫీజు లేదు.

వరుస ప్రభుత్వానిది కాబట్టే వరుసలో ఎవరు ముందన్న తగాదా రాజకీయమైంది. హైదరాబాదు సంస్థానంలో 1919 ముల్కీ ఫర్మానా కొలువులను స్థానికులకు కేటాయించింది. పదిహేనేళ్ల నివాసం దానికి గీటురాయి. 1952లో నాన్‌ముల్కీలకు వ్యతిరేకంగా హైదరాబాదు విద్యార్థులు వీధికెక్కితే పోలీసు కాల్పులు జరిగాయి. 1969 ఉద్యమం రాజుకున్నది పాల్వంచ, కొత్తగూడెం ప్రాంతంలో థర్మల్ కేంద్రం ఉద్యోగాల దగ్గర. ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు అనగానే కోస్తాలో ప్రత్యేక ఆంధ్ర కోరుతూ జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు, 1985లో స్థానికేతర ఉద్యోగులను వెనక్కి పంపాలన్న జీవో 610, చివరికి నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంతో 2014లో తెలంగాణ రాష్ట్రం, ఇదంతా ఒకే వరుస గురించిన వాదన. ఎటువైపు న్యాయమన్నది వేరే చర్చ. ఉద్యోగం రాని కుర్రాడు తన ఒక్కడి దురదృష్టం అనుకోకుండా ప్రభుత్వాన్ని నిలదీయగలిగాడన్నది మాత్రం ఇక్కడ గమనించాలి.

ఎక్స్ఛేంజి వల్ల నిజంగా ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయని ఎవరైనా అడగొచ్చు. అడగాల్సిందే. చట్టం ఖాళీ తెలపమందే గానీ, ఎక్స్ఛేంజి పంపిన పేర్లలోంచే తీసుకోమనలేదు. ప్రైవేటు సంస్థలు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. కార్డు పట్టుకుని వయసు దాటిపోయినవాళ్లు ఊరికి పదిమంది కనిపిస్తారు. పేర్లు పంపడంలో చేతివాటం ఉందన్న ఫిర్యాదులూ తక్కువేం కాదు. 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంట్ కేసులో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికల్లో ప్రకటన ఇచ్చి దరఖాస్తు చేసినవాళ్లందరినీ పరిశీలించాలంది. అది సబబైన తీర్పే. కానీ సీనియారిటీ విలువ అక్కడితో సగం పోయింది. నిజానికి ఎక్స్ఛేంజి ఓడింది ఖాళీలు లేకపోవడం వల్ల. అది పెట్టుకున్న సూత్రం, అంటే ఎదురుచూసేవాడి దగ్గర డబ్బు గుంజకూడదన్నది, తప్పని ఎవరూ రుజువు చేయలేదు. సూత్రాన్ని మాత్రం యంత్రంతో పాటే మూలన పడేశాం.

ఆ ఖాళీలోకి కోచింగ్ వచ్చింది. 1998లో హైదరాబాదులో ఐటీ కంపెనీల సైబర్ టవర్స్ తెరుచుకునే నాటికి అమీర్‌పేట సందులు బోర్డులతో నిండుతున్నాయి. మైత్రీవనం చుట్టుపక్కల జావా, ఒరాకిల్, టెస్టింగ్ అంటూ ఒక్కో మెట్ల దారికి పది ఫ్లెక్సీలు, బస్సు దిగగానే చేతిలో పెట్టే కరపత్రాలు, డెమో క్లాసుకు కిక్కిరిసిన గదులు, గదికి నలుగురైదుగురు సర్దుకునే హాస్టళ్లు, కింద జిరాక్సు షాపులో బైండు చేసిన మెటీరియల్. సర్కారు కొలువు కోసమైతే అశోక్‌నగర్, చిక్కడపల్లి లైబ్రరీ. బ్యాంకు పరీక్షలకు నంద్యాల, డీఎస్సీకి అవనిగడ్డ. ఒక్కో ఊరికి ఒక్కో పరీక్ష పేరు తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2019లో గ్రామ, వార్డు సచివాలయ పోస్టులు సుమారు 1.26 లక్షలు ప్రకటిస్తే దరఖాస్తులు 21 లక్షలు దాటాయి. ఉమేదువారీ మళ్లీ వచ్చినట్టే. తేడా ఏమిటంటే, అప్పుడు జీతం లేకుండా పని చేసేవారు, ఇప్పుడు ఎదురు డబ్బు కట్టి ఎదురుచూస్తున్నారు.

అమీర్‌పేటను తిట్టడం తేలికే, దానికి దక్కాల్సిన మెప్పు దక్కాలి. ఇంగ్లీషు తడబడే మారుమూల కాలేజీ పిల్లలకు, క్యాంపస్ ఇంటర్వ్యూ అన్నమాటే వినని వాళ్లకు, అది కొద్ది నెలల్లో ఒక దారి చూపింది. సిఫారసు అడగలేదు, కులం అడగలేదు. కొద్ది వేల ఫీజుతో అమెరికా దాకా వెళ్లినవాళ్లున్నారు. అయితే ఇదే నైపుణ్య లోపం వాదనకు గండి కొడుతుంది. కొన్ని నెలల్లో నేర్పగలిగిన పని లేకపోవడం డిగ్రీ మొత్తానికి లోపమెలా అవుతుంది? నిజంగా మనుషులు కావలసినప్పుడు కంపెనీలే నేర్పుకున్నాయి. ఇన్ఫోసిస్ మైసూరులో క్యాంపస్ కట్టి, కొత్తవాళ్లకు జీతమిస్తూ నెలల తరబడి శిక్షణ ఇచ్చింది. గిరాకీ ఉంటే శిక్షణ ఖర్చు యజమాని ఖాతాలో, గిరాకీ తగ్గితే తండ్రి ఖాతాలో. నైపుణ్యం మాట ఆ బదిలీకి పెట్టిన మర్యాదైన పేరు.

ఈ మార్పులో డబ్బు కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. ఎక్స్ఛేంజి కాలంలో ఉద్యోగం రాకపోతే అది పదిమందీ కలిసి మోసే ఫిర్యాదు. కోచింగ్ కాలంలో అది ఒక్కడి మార్కుల జాబితా, ఇంకో కోర్సు చేయలేదన్న అపరాధభావం. నోటిఫికేషన్ ఆలస్యమైతేనో, పేపరు లీకైతేనో తప్ప ఎవరూ కలిసి రోడ్డెక్కరు. జాబ్ క్యాలెండర్లు, నైపుణ్య కేంద్రాలు, జాబ్ మేళాలు అన్నిటినీ ఒకే గీటురాయి మీద పెట్టి చూడాలి: వీటివల్ల ఎదురుచూపు కాలం తగ్గిందా, లేదా ఆ కాలానికయ్యే ఖర్చయినా ఇంటి మీంచి దిగిందా? తేదీ తప్పని నోటిఫికేషన్, ఫీజు లేని దరఖాస్తు, స్టైపెండ్ ఇచ్చే అప్రెంటిస్‌షిప్, ఈ మూడింటికీ కొత్త సిద్ధాంతాలు అక్కర్లేదు. అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నుంచే పుస్తకంలో ఉంది. ఖర్చు ఎవరిదో ఒప్పుకునే ప్రభుత్వం, యాజమాన్యం కావాలి.