ఉప్పు, కుంచం, నాగు: మనవాళ్ళ పొదుపు ఎక్కడ కారిపోయింది?



హాస్టళ్ళలో జరిగే అవగాహన సదస్సుల్లో ఒక మాట తరచూ వింటుంటాం. "మీ పెద్దవాళ్ళకి డబ్బు విలువ తెలీదు, వచ్చింది వచ్చినట్టు సంతలో ఖర్చు పెట్టేస్తారు, మీరన్నా పొదుపు నేర్చుకోండి" అని. చెప్పేవాళ్ళు మంచికే చెప్తారు. మనలో కొందరు నమ్ముతారు కూడా. కానీ ఏజెన్సీ చరిత్ర కాస్త తిరగేస్తే, మనవాళ్ళ చేతిలో డబ్బు నిలవకపోవడానికి వాళ్ళ ఖర్చు కారణం కాదని సర్కారు కాగితాల్లోనే కనిపిస్తుంది. ఈ పోస్టు దాని గురించే. పొడవుగా ఉంటుంది, ఓపికగా చదవండి.

ముందు తాతల కాలపు ఇంటి ఖర్చు చూద్దాం. పైకం పెట్టి కొనేవి ఏంటి? ఉప్పు, బట్ట, గొడ్డలికీ కొడవలికీ ఇనుము, తర్వాత్తర్వాత కిరసనాయిలు. అంతే కదా. అంబలి పోసుకోడానికి సొరకాయ బుర్ర, తినడానికి అడ్డాకు, ఇంటికి వెదురు, కప్పుకి గడ్డి. విత్తనాలకి బూడిద కలిపి, పొయ్యి మీద అటకలో పొగ తగిలేలా దాచుకునేవారు. ఒకే పోడులో సామలు, చోళ్ళు, జొన్నలు, కందులు కలిపి వేసేవారు. చూసినవాళ్ళకి అది అడ్డదిడ్డంగా కనపడుతుంది గానీ, అందులో పెద్ద లెక్కుంది. అన్నీ ఒకసారి పండవు. సామ ముందు కోతకొస్తుంది, చోడి తర్వాత, కంది సంక్రాంతి దాటాక. ఒకటి పోయినా ఇంకోటి నిలుస్తుంది, ఇంట్లోకి గింజ విడతలు విడతలుగా వస్తుంది. నెలవారీ బడ్జెట్ అని ఇప్పుడు మనం పుస్తకంలో గీసుకునేది వాళ్ళు పొలంలో వేసుకున్నారు.

ఇంత తక్కువ ఖర్చుతో బతికిన ఇంటికి అప్పు ఎలా వచ్చింది మరి?

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి గీతలు గీసుకుంటూ పోయేకొద్దీ పోడుకి చోటు తగ్గింది. తిండి గింజ తగ్గితే కొనుక్కోవాలి, కొనాలంటే పైకం కావాలి. అంతకుముందే, 1879లో రంప ప్రాంతం తిరగబడింది. కల్లు మీద వేసిన చిగురుపన్ను గురించి పాఠాల్లో ఉంటుంది. దాంతోపాటు ఉన్న ఇంకో కారణం అంతగా చెప్పరు. మైదానం వ్యాపారులు కొండకొచ్చి చింతపండు, ఇతర సరుకులు ఇచ్చేలా ఒప్పందాలు రాయించుకునేవారు. ఆ తర్వాత కింద ఊళ్ళ కోర్టుల్లో దావా వేసేవారు. కోర్టు ఎక్కడుందో కూడా తెలియని మనిషి వాయిదాకి వెళ్ళడు కాబట్టి డిక్రీ వ్యాపారికే వచ్చేది. 5 రూపాయల అప్పుకి 100 రూపాయల విలువ చేసే పశువులూ పంటా తోలుకుపోయిన సందర్భాలున్నాయని గోదావరి జిల్లా పాత గెజిటీర్‌లో బ్రిటిష్ అధికారే రాశాడు. ఆ ఇంటివాళ్ళు ఏం పొదుపు చేసుంటే ఆ ఎడ్లు మిగిలేవి?

ఇప్పుడు సంత సంగతికి వద్దాం. పాడేరు, హుకుంపేట, అరకు, సీతంపేట, గుమ్మలక్ష్మీపురం... ఏ సంత తీసుకున్నా మన పెద్దవాళ్ళు చెప్పే కథ ఒకటే. చింతపండు గంప దించేలోపే, ఒక్కోసారి సంతకి చేరకముందే దారిలోనే షావుకారు మనిషి పట్టుకుంటాడు. పండుకి బదులు ఉప్పు కొలిచి పోస్తాడు. ధర అన్న మాటే రాదు. ఇక కొలత. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. ఇది లెక్క. కానీ షావుకారు దగ్గర రెండు కుంచాలు ఉండేవని అవ్వలు నవ్వుతూ చెప్తారు: ఇచ్చేటప్పుడు చిన్నది, తీసుకునేటప్పుడు పెద్దది.

అసలు దెబ్బ నాగు దగ్గర ఉంది. చిన్నవాళ్ళకి ఈ మాట తెలియకపోవచ్చు. నాగు అంటే గింజ అప్పు: గింజ తెచ్చుకుని, కోతయ్యాక గింజే వడ్డీతో కొలవడం. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఇంట్లో గాదె ఖాళీ. కలుపు పని ఎక్కువ, తిండి తక్కువ. మామిడి టెంక అంబలి, అడవి దుంపలు తిని నెట్టుకొచ్చే రోజులవి. అప్పుడు పది కుంచాలు తెచ్చుకుంటే, పుష్యంలో పదిహేను కొలవాలి. సగం నాగు అన్నమాట. ఆరు నెలలకి సగమంటే ఏడాదికి నూటికి నూరు వడ్డీ. దీనికి కొలత మోసం కూడా కలపండి. తీసుకునే కుంచం పావు వంతు పెద్దదనుకుందాం. పదిహేను కాస్తా దాదాపు పంతొమ్మిది అవుతుంది. పది తిని పంతొమ్మిది కొలిచిన ఇంట్లో మళ్ళీ వచ్చే ఆషాఢానికి గాదెలో ఏముంటుంది? మళ్ళీ నాగే. పెళ్ళి గానీ చావు గానీ మధ్యలో వస్తే ఇంకా పెద్ద అప్పు. అది తీర్చలేకపోతే మనిషే వెళ్ళి షావుకారింట్లో చాకిరీకి ఉండిపోవాలి. విశాఖ ఏజెన్సీలో దీన్ని గొత్తి అనేవారు. కొడుకు తండ్రి అప్పుకి పనిచేసేవాడు.

మన గురించి వచ్చిన ఒక పాత చట్టం పేరు చూడండి. 1917లో మద్రాసు ప్రభుత్వం గంజాం, విశాఖ, గోదావరి ఏజెన్సీలకి చేసిన చట్టం అది: ఏజెన్సీ ట్రాక్ట్స్ ఇంటరెస్ట్ అండ్ లాండ్ ట్రాన్స్‌ఫర్ యాక్ట్. భూమి కన్నా ముందు వడ్డీ ఉంది పేరులో. భూమి ఏ దారిలో పోతోందో ఆ రోజు అధికారులకి బాగా తెలుసన్నమాట. ఏడాదికి నూటికి 24 మించి వడ్డీ వసూలు చేయకూడదు, చక్రవడ్డీ కుదరదు, మొత్తం వడ్డీ అసలుని దాటకూడదు అని రాశారు. గిరిజనుడి భూమి గిరిజనేతరుడికి అనుమతి లేకుండా బదిలీ కాకూడదనీ రాశారు. పైన మనం వేసిన నాగు లెక్క నూటికి నూరు. చట్టం చెప్పింది 24.

1940లో ఏజెన్సీలో అప్పు చాకిరీని రద్దు చేస్తూ రెగ్యులేషన్ వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1959లో భూ బదలాయింపు రెగ్యులేషన్, 1960లో వడ్డీ వ్యాపారుల మీద, రుణ విముక్తి మీద రెగ్యులేషన్లు. కాగితం మీద లోటేమీ లేదు. కానీ 1967 అక్టోబరు 31న, మొండెంఖల్ సభకి వెళ్తున్న మనవాళ్ళ మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపితే కోరన్న, మంగన్న చనిపోయారు. భూమి, కూలి, అప్పు, అడవి: అడిగినవన్నీ ఇంటి ఖర్చుకి సంబంధించినవే. 1917 చట్టానికి అప్పటికి సరిగ్గా యాభై ఏళ్ళు. శ్రీకాకుళం పోరాటం తర్వాతే 1970లో 1/70 వచ్చింది, ఆ దశాబ్దం మధ్యలో ఐటీడీఏలు వచ్చాయి. ఎవరో దయతో ఇచ్చినవని మనకి ఎవరైనా చెప్తే ఈ తేదీలు వరసగా పెట్టి చూపించండి.

తెలంగాణ వైపు కథ వేరే దారిలో నడిచింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము చనిపోయాక నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని గోండుల మధ్యకి పంపడం, 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకి శిక్షణ మొదలవడం, అది ఒక్క పోస్టులో సరిపోదు. ఆదిలాబాద్ మిత్రులు రాస్తే బావుంటుంది.

ఇక జీసీసీ. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైంది. చింతపండు, తపసి జిగురు, కరక్కాయ, కుంకుడు, ముషిణి గింజలు, తేనె, కొండచీపుర్లు కొనడం, డిపోలో ఉప్పూ బియ్యం కిరసనాయిలూ అమ్మడం దాని పని. డిపో గురించి మన ఊళ్ళలో సణుగుడు ఎప్పుడూ ఉంది. సరుకు లేదంటారు, ధర తక్కువంటారు, డబ్బు రేపు రమ్మంటారు. నిజమే. 1979 రెగ్యులేషన్‌తో చిన్నతరహా అటవీ ఫలసాయం కొనే హక్కు దానికే దక్కాక, పోటీ లేని కొనుగోలుదారు ఎలా ఉంటాడో అలాగే ఉంది చాలాచోట్ల. అయినా మా అభిప్రాయం చెప్తాం: సంతలో ముల్లు ఉన్న కాటా, రాసిపెట్టిన ధర వచ్చింది డిపోతోనే. ఆ ధర ఇవ్వకపోతే సరుకు డిపోకి పోతుందని షావుకారుకి కొంచెమన్నా భయం పుట్టింది. జిగురులో కూడా ఒక మార్పొచ్చింది. గొడ్డలితో చెట్టుని లోతుగా నరికి, బెరడుతో కలిపి అమ్మితే తక్కువ గ్రేడు. చిన్న గాటు పెట్టి, బెరడు ఏరి, శుభ్రంగా ఆరబెడితే పై గ్రేడు. అదే చెట్టు, అదే మనిషి, చేతికొచ్చే డబ్బు వేరు. చెట్టు కూడా బతుకుతుంది.

మరి డిపో ఉన్నా షావుకారు ఎందుకు పోలేదు? డిపో కొంటుంది, కానీ శ్రావణంలో రాత్రిపూట తలుపు తడితే అప్పివ్వదు. షావుకారు ఇస్తాడు. బిడ్డకి జ్వరమొచ్చినప్పుడు ఇస్తాడు, శవం ఇంట్లో ఉన్నప్పుడు ఇస్తాడు. వేసవి చింతపండు ఆ రోజే అతనిదైపోతుంది. కాబట్టి ధర సరిచేస్తే సగం పనే అయింది. ఆ మూడు నెలల ఆకలి అలాగే ఉండిపోయింది.

దాన్ని నిజంగా తగ్గించింది, మా దృష్టిలో, 1983లో వచ్చిన కిలో 2 రూపాయల బియ్యం. రాజకీయం ఎవరిదైనా, ఆషాఢంలో నాగుకి పోకుండా పొయ్యి వెలిగింది. (చోళ్ళూ సామలూ పక్కకి పోయి తెల్లబియ్యం వచ్చి కూర్చుంది కూడా అప్పటి నుంచే, ఆ నష్టం వేరే చెప్పుకోవాలి.) 1996-97లో కేంద్రం గ్రామ ధాన్యం బ్యాంకుల పథకం తెచ్చింది. ఊరు ఉమ్మడిగా గింజ దాచుకుని, కరువు నెలల్లో తీసుకుని, కోతకి తిరిగి పోయడం. నాగు లాంటిదే, షావుకారు లేడు. 2000లో శ్రీకాకుళం, విజయనగరం, ఆదిలాబాద్‌తో సహా ఆరు జిల్లాల్లో వెలుగు మొదలయ్యాక ఆడవాళ్ళ సంఘాలు మన ఊళ్ళలోనూ పెరిగాయి. సంఘం వల్ల వచ్చిన మేలు దాచిన మొత్తం కన్నా పెద్దది: జ్వరానికో చావుకో ఐదొందలు కావాలంటే అడగడానికి ఇంకో గుమ్మం దొరికింది.

1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభదీ మనదీ అన్నారు. ఎవరికి అమ్మాలో మనం తేల్చుకోవచ్చు. కానీ మన గ్రామసభల్లో చింతపండు ధర గురించి తీర్మానం రాసినవి ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక మన తరం. మనం నాగు తేవట్లేదు. ఫోన్లో అప్పు తెస్తున్నాం. వెయ్యి అడిగితే ఏడొందలు చేతిలో పెట్టి వారానికి వెయ్యి కట్టమనే యాప్‌లున్నాయి. ఏడొందలకి వారంలో మూడొందలు. షావుకారు నాగు ఆరు నెలలకి నూటికి యాభై, ఇది ఏడు రోజులకే దాదాపు నలభై మూడు. స్కాలర్‌షిప్ పడటం ఆలస్యమైన నెలల్లోనే వీటికి గిరాకీ. అదే మన ఆషాఢం ఇప్పుడు. టీ మానేయండి, రీఛార్జ్ తగ్గించండి అనే సలహా దీన్ని ఆపలేదు. ఒక హాస్టల్ గదిలో ఆరుగురు కలిసి, డబ్బు పడిన నెలలో తలా వంద పక్కన పెట్టి, పడని నెలలో వడ్డీ లేకుండా వాడుకుంటే ఆపొచ్చు. ఎవరు ఎంత తీసుకున్నారో గోడకి అంటించిన కాగితం మీద అందరికీ కనపడేలా రాసుకోవాలి.

ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అవ్వనీ తాతనీ మూడు విషయాలు అడిగి రాసుకురండి. మీ సంతలో చింతపండుకి ఉప్పు ఏ లెక్కన పోసేవారు? మీ ఊళ్ళో నాగు సగమా, ఇంకా ఎక్కువా? కుంచం, మానికలకి మీ భాషలో పేరేంటి? సవర, జాతాపు, కొండదొర, కోయ, గోండు, భగత, వాల్మీకి, ఏ భాషలో ఉంటే ఆ మాటే రాయండి. పాత కుంచం ఇంట్లో ఇంకా ఉంటే నీళ్ళతో కొలిచి ఎన్ని లీటర్లు పట్టిందో కూడా రాయండి. సంతల వారీగా పట్టిక మేము తయారుచేస్తాం.